ముసలి గుఱ్ఱమునకు ఎరవిల్లు

అప్పు వేరు, ఎరవు వేరు. పుట్టెడు ధాన్యము అప్పు తెచ్చుకొన్నవాడు ఆ గింజలనే తిరిగి ఈయనక్కఱలేదు, మరియొక పంటలో అంతే కొలత కొలిచియిచ్చిన ఋణము తీరును. పెండ్లికని పొరుగింటినుండి కాసులపేరు ఎరవు తెచ్చుకొన్న యిల్లాలు మాత్రము ఆ పేరునే, ఒక్క కాసైనను తఱుగకుండ, వారి చేతిలో పెట్టవలెను. ఎరవు సొమ్ము బరువు చేటు అని మన పెద్దలనుటలో ఈ బరువంతయు ఇమిడియున్నది. కాసులపేరు మెడలో నుండగా ముసలిదికాదు, రాత్రివేళ కడుపునొప్పితో పొర్లాడదు, పెట్టెలో దాచినంత మాత్రమున దిగులుపడదు. ప్రాణమున్నదానిని, అందునను ప్రాయముడిగి వ్యాధులు పైకొన్నదానిని పరుల యింటికి ఎరవుగా పంపవలసివచ్చినపుడు ఇచ్చువా డేమి చెప్పవలెను, పుచ్చుకొనువా డేమి చూడవలెను అనునది బ్రిటనులో గుఱ్ఱములను పెంచు సామాన్యగృహస్థుల యెదుట తఱచుగా నిలుచు ప్రశ్న.

అచ్చట దీనిని ‘లోన్’ అందురు. గుఱ్ఱముపై హక్కు యజమానిదిగానే యుండును. దానిని తన సాలలో కట్టుకొని, మేపి, తోమి, గిట్టలు చెక్కించి, వేళకు మందు పెట్టు భారము మరియొకరు స్వీకరింతురు. మన పల్లెలలో పెయ్యను పాలుకు మేపుటకిచ్చు వాడుకతో దీనికి కొంత పోలిక గలదు గాని, పాలుకు మేపినవానికి ఈనిన దూడలో భాగముండును. ఇచ్చట అట్టి ఫలమేదియు లేదు. గుఱ్ఱము పడుచుదై, ఆరోగ్యముగా నున్నచో, వెల పెట్టకయే స్వారి దొరకుటయే పుచ్చుకొన్నవారికి లాభము. స్వారికి పనికిరాని ముసలిదానివలన ఆ లాభమును లేదు. అయినను అట్టివానికి నిలువనీడ నిచ్చువారు ఉన్నారు. వారిని వెదకి పట్టుకొనుట యెట్లు, పట్టుకొన్న పిదప నడవడి యెట్లుండవలెను అనుటయే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా ఈ యవసర మేల కలుగునో చెప్పవలెను. గుఱ్ఱము సామాన్యముగా 25, 30 ఏండ్లు బ్రదుకును. కొన్ని అంతకంటెను మిక్కిలి. ఇంగ్లండులో 1760లో పుట్టి, కాలువలపై పడవలను లాగి, 1822 నవంబరు 27న 62వ యేట కన్నుమూసిన ‘ఓల్డ్ బిల్లీ’ అను గుఱ్ఱముయొక్క పుఱ్ఱె నేటికిని మాంచెస్టరు మ్యూజియములో నున్నది. బ్రదుకు అంత దీర్ఘమైనను పనిచేయు కాలము దానితో సమానము కాదు. పదేండ్ల బాలిక కొఱకు కొన్న పోనీ, ఆ బాలిక విశ్వవిద్యాలయమునకు బయలుదేరునాటికి తానును ఇరువదేండ్లు దాటి, మోకాళ్లు పట్టి, మెట్టనేలపై నెమ్మదిగా నడచు స్థితికి వచ్చును. ఉద్యోగము పోవుట, సంసారము విడిపోవుట, యజమానియే మంచము పట్టుట, సాలకును పచ్చికకును నెలనెల చెల్లింపవలసిన సొమ్ము పెరుగుట, ఇట్టి కారణములలో ఏదో యొకటి వచ్చి పడును. బ్రిటనులో స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఎవరింటనైన ఒక బిడ్డ స్వారి నేర్చి, తనకొక పోనీ కావలెనని మారాము చేసినచో, తలిదండ్రులు దాని వెల నడుగుటకు ముందే దాని వార్ధక్యమును గూర్చి యోచింపవలెనని నా మనవి.

మనకు గుఱ్ఱము క్రొత్తది కాదు. విరటుని కొలువులో గ్రంథికుడను మాఱుపేరుతో చేరిన నకులుడు తనకు అశ్వశిక్షయే గాక అశ్వచికిత్సయు తెలియునని చెప్పుకొని పని సంపాదించుకొనెను. ఉలవగుగ్గిళ్లు తిని జట్కాలు లాగిన గుఱ్ఱములు మన పట్టణములలో నిన్నమొన్నటి వరకును ఉండినవి. అవి లాగలేని దినమున ఎచ్చటికి పోయినవో అడిగినవారము మనలో తక్కువ.

ఇంగ్లండులో ఆ ప్రశ్నను గట్టిగా అడిగినవారిలో స్త్రీలు ముందున్నారు. ఒక గుఱ్ఱము చేతులు మాఱుచు మాఱుచు అంతకంతకు దిగజారి, తుదకు చల్లని నీడ చేరిన కథగా ఆనా స్యూయెల్ వ్రాసిన ‘బ్లాక్ బ్యూటీ’ 1877లో వెలువడెను. ఆ పుస్తకమువలన ప్రేరణ పొంది ఆన్ లిండో అను వనిత 1886లో లండను బండిగుఱ్ఱములకై ఒక విశ్రాంతిగృహము నెలకొల్పెను; అదియే నేడు ‘ది హార్స్ ట్రస్ట్’ అను పేర నడచుచున్నది. ఆ విశ్రాంతిగృహపు ఏర్పాటులలో ఒకటి నాకు మిక్కిలి హృద్యముగా తోచును: పేదబండివాని గుఱ్ఱము అలసి విశ్రాంతికి వచ్చినపుడు, వాని పొట్ట గడచుటకు మరియొక గుఱ్ఱమును వానికి తాత్కాలికముగా ఎరవిచ్చెడివారు. పనిలేక పస్తుండవలసివచ్చునను భయమే బండివానిచేత కుంటిగుఱ్ఱమును కాడికి కట్టించుచున్నదని వారు గ్రహించిరి. జంతువుపై దయ చూపుటకు దానిని నమ్ముకొన్న మనుష్యుని ఆకలినిగూడ లెక్కింపవలెనని ఇంత సూటిగా తెలిసికొన్న ఏర్పాటులు అరుదు.

దీనికి విరుద్ధమైన కథ కైరోనగరమున జరిగినది. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప బ్రిటిషుసైన్యము వేలకొలది గుఱ్ఱములను ఈజిప్టులో అమ్మివైచి పోయెను. 1930లో భర్తతో అచ్చటికి వచ్చిన డొరొతీ బ్రూక్ ఆ గుఱ్ఱములలో మిగిలినవి ఎముకలు తేలి, గ్రుడ్డివై, కుంటివై వీథులలో బరువులు లాగుటను చూచి, 1931లో ‘మార్నింగ్ పోస్ట్’ పత్రికకు లేఖ వ్రాయగా, జనులు ధనము పంపిరి. ఆమె సుమారు 5,000 గుఱ్ఱములను కొని విడిపించినది. వానిలో అధికభాగము బ్రదుకుట కష్టమైన స్థితిలో నుండుటచే, కొన్నిదినములు కడుపునిండ మేత పెట్టి, మెత్తని పక్క వేసి, నొప్పిలేని మరణము నిప్పించినది. 1934లో ఆమె స్థాపించిన ఆసుపత్రి తరువాత ‘బ్రూక్’ అను సంస్థయై భారతదేశములోను పనిచేసినది. ఆ గుఱ్ఱములను అమ్మినవారు క్రూరులని నేననను. పగ్గము చేతులు మాఱినతోడనే తమ బాధ్యత తీరినదనుకొనిరి. వారి పొరపాటంతయు అదియే.

ఇక వ్యాధుల మాట. ఎరవింటిని వెదకువాడు తన గుఱ్ఱపు జబ్బులను పేర్లతో గాక పనులతో చెప్పగలుగవలెను. ఏ జబ్బు ఏ పనిని కోరునో తెలిసినగాని క్రొత్తయింటివారు తమకు సాధ్యమగునో కాదో తేల్చుకొనజాలరు. పదునైదేండ్లు దాటిన గుఱ్ఱములలో విస్తారముగా కనబడునది కుషింగ్స్ వ్యాధి, వైద్యులు పి.పి.ఐ.డి. అందురు. మెదడు అడుగున నుండు పిట్యూటరీ గ్రంథిని అదుపులో నుంచు నాడులు క్రమముగా క్షీణింపగా ఆ గ్రంథి హద్దుమీఱి హార్మోనులను స్రవించును. తత్ఫలితముగా వేసవిలో రాలవలసిన శీతకాలపు బొచ్చు రాలక ఉంగరములు తిరిగి పెరుగును, వెన్నుమీది కండ కరగును, పొట్ట జారును, దప్పియు మూత్రమును ఎక్కువగును, చిన్న పుండు సైతము త్వరగా మానదు. దీనికి పెర్గొలైడ్ అను మాత్రను జీవితాంతము ప్రతిదినము ఈయవలెను. రక్తములో ఏ.సి.టి.హెచ్. అను హార్మోను మట్టము చూచి మోతాదు సరిచేయుదురు. శరదృతువులో ఆ మట్టము ఆరోగ్యవంతమైన గుఱ్ఱములోను సహజముగనే పెరుగును గాన, పరీక్ష జరిగిన మాసమును లెక్కింపక ఫలితమును చదువరాదు. మాత్రను దాణాలో కలిపినచో కొన్ని గుఱ్ఱములు మూతితో వెదకి వెదకి దానినొక్కదానిని తొట్టిలో వదలును. యాపిలుముక్కలో దాచి పెట్టవలెనా, చేతితో తినిపింపవలెనా అనునది అల్పవిషయముగా తోచవచ్చును. ఆ మాత్ర కడుపులో పడని వారములు కొన్ని గడచిన పిమ్మట రాగల ఉపద్రవము అల్పము కాదు.

ఆ ఉపద్రవము లామినైటిస్. గుఱ్ఱపు గిట్టలోపలి యెముక, పుస్తకపు రేకులవలె ఒండొంటితో అల్లుకొన్న సన్నని పొరలచే గిట్టగోడకు వ్రేలాడుచుండును; గుఱ్ఱపు బరువంతయు ఆ పొరలమీదనే యున్నది. రక్తములో ఇన్సులిన్ అధికమైనపుడు ఆ పొరలు దెబ్బతిని, సాగి, విడివడుటకు మొదలిడును. అపుడు గుఱ్ఱము ముంగాళ్లను ముందుకు చాచి, మడమలపై బరువు మోపి, మూలుగుచు నిలుచును. రోగము ముదిరినచో ఎముక లోపలనే తిరిగి గిట్టయడుగునకు దిగును. దీనికి అమృతమువంటి పచ్చికయే విషమగుట విచిత్రము. వసంతమందును శరత్కాలమందును మొలచు లేతగడ్డిలోను, రాత్రి మంచు కురిసి తెల్లవారి ఎండ కాసిన దినములలోని గడ్డిలోను చక్కెర కూడియుండును. కావున ఇట్టి గుఱ్ఱమును కనులపండువుగా పచ్చగానున్న బయలులో విడువరాదు. గడ్డి పలుచనైన చిన్నబీడులో విడిచి, లేదా మూతికి చిక్కము కట్టి, ఎండుగడ్డిని నీట నానబెట్టి చక్కెర కొంత దిగిన పిదప మేపవలెను. ‘మా పచ్చిక విశాలమైనది, మీ గుఱ్ఱము కడుపార మేయును’ అని ప్రేమతో పలుకువారి యిల్లే దానికి ప్రమాదకరము కావచ్చును. ప్రేమ చాలదు, గడ్డినిగూర్చిన జ్ఞానము కావలెను.

పండ్ల సంగతియు చెప్పవలెను. గుఱ్ఱపు దవడపండ్లు ఏటేట 2, 3 మిల్లీమీటర్లు బయటికి వచ్చుచు, నమలుటచే అంతే అరుగుచుండును. దవడలో దాగియున్న నిలువ తీరిపోయిన వృద్ధాప్యమున అవి మొండియై, వదులై, ఊడును. అపుడు గుఱ్ఱము ఎండుగడ్డిని నోట త్రిప్పి త్రిప్పి, మింగలేక, ఉండలుగా క్రిందికి జారవిడుచును. అట్టిదానికి బాగుగా నానబెట్టిన బీటుదుంపపిప్పిని, చిన్నముక్కలుగా కోసిన గడ్డిని, గంజివలె మెత్తగా జేసి దినమునకు నాలుగైదుసార్లు పెట్టవలెను. నానని మేత గొంతుకడ్డుపడి ప్రాణాపాయమగును. దినమెల్ల ఆఫీసులో గడపి, ఉదయసాయంకాలములు మాత్రమే సాలకు రాగలవారు ఎంత సహృదయులైనను ఇట్టి గుఱ్ఱమునకు తగినవారు కారు. కీళ్లవాతము, గడ్డిధూళివలని ఉబ్బసము, కంటిశుక్లము వీనికిని తమతమ నియమములున్నవి. వానిని గూర్చి ఆ గుఱ్ఱపు వైద్యుడే వ్రాసియీయగలడు.

దానముగా వచ్చిన ఆవునకు పండ్లు పట్టి చూడరాదని మన సామెత. ముసలి గుఱ్ఱము విషయమున పండ్లు పట్టి చూడుమని యజమానియే వేడుకొనవలెను. ప్రకటన వ్రాయునపుడు ‘వయస్సు 23, నెమ్మదియైనది, మంచి యిల్లు కావలెను’ అని వ్రాయుటకు చేయి తొందరపడును, జబ్బుల పట్టిక చూచి ఎవరును రారేమోనని మనస్సు జంకును గనుక. కాని దాచిన జబ్బు దాగియుండునది కాదు. మూడవనెలలో కుంటుచు బయటపడును. అప్పుడు గుఱ్ఱము మరల బండి యెక్కి, మరల స్థలము మాఱి, మరల తోడు పోగొట్టుకొనవలెను. నెలకు మందు కెంత వ్యయమగును, గిట్టలు చెక్కువాడు ఎన్నివారముల కొకసారి రావలెను, స్వారి పూర్తిగా నిషిద్ధమా, లేక తేలికయైన బిడ్డను కూర్చుండబెట్టి నడిపింపవచ్చునా, ఒంటరిగా నుండగలదా, ఇట్టివన్నియు ముందే పలికిన ప్రకటనకు పదిమంది మాఱుగా ఒక్కరే రావచ్చును. ఆ యొక్కరే కావలసినవారు.

ఎవరు వత్తురు? గుఱ్ఱము మందలో బ్రదుకు జీవి. ఒంటరియైన గుఱ్ఱము కంచె వెంబడి పరుగెత్తుచు, సకిలించుచు, మేత మానును. తన రెండు గుఱ్ఱములలో ఒకటి చనిపోగా మిగిలినదానికి తోడు వెదకు గృహస్థు, తానును స్వారి మాని గుఱ్ఱముల గాలి విడువలేని పెద్దవయస్సు స్త్రీ, స్వంతభూమి గలిగి లామినైటిస్ గుఱ్ఱమును మునుపే పెంచి యెఱిగినవాడు, సామాన్యముగా ఇట్టివారే తోడుగుఱ్ఱమును స్వీకరింతురు. వారిని వెదకుటకు ఆ గుఱ్ఱమును ఎఱిగిన వైద్యునికంటెను, గిట్టలు చెక్కువానికంటెను మంచి దూతలు లేరు. వారు ఊరూర తిరుగుదురు, ఏ సాలలో నిజముగా శుభ్రత గలదో, ఎవరు బిల్లు చెల్లింపకుండ తప్పించుకొందురో వారికి తెలియును.

చూడబోయినపుడు మనుష్యుల మాటలకంటె నేలను చూడవలెను. కంచె ముండ్లతీగెయా, కొయ్యయా? నీడ గలదా? బీడులో పసుపుపచ్చని పూలు పూయు రాగ్‌వర్ట్ మొలచియున్నదా? ఆ మొక్క కాలేయమును మెల్లమెల్లగా చంపును. ఎండి గడ్డిలో కలిసినను విషము పోదు. చెంత సికమోర్ చెట్టున్నచో దాని రెక్కగింజలు శరత్తులోను, మొలకలు వసంతములోను కండరములను ధ్వంసముచేయు వ్యాధికి కారణములగును. అచ్చట ముందేయున్న గుఱ్ఱముల గిట్టలు సరిగా చెక్కబడియున్నచో, అవి మనుష్యుని చూచి దగ్గరకు వచ్చుచున్నచో, అంతకు మించిన యోగ్యతాపత్రము లేదు.

ఒడంబడిక లేనిదే గుఱ్ఱమును పంపరాదు. మిత్రుల మధ్య కాగితమేల యని మొగమాటపడువారు పలువురు. మిత్రత్వము నిలువవలెననియే కాగితము. బ్రిటిష్ హార్స్ సొసైటీ మాదిరి ఒడంబడికను ప్రకటించియున్నది. వైద్యవ్యయ మెవరిది, బీమా ఎవరిది, ఎన్నిదినముల ముందు తెలిపి గుఱ్ఱమును తిరిగి పంపవచ్చును, యజమాని యెప్పుడు వచ్చి చూడవచ్చును, అనుమతి లేనిదే స్థలము మార్పరాదు, పరులకు మఱల ఎరవీయరాదు, ఇవన్నియు అందు వ్రాయవలెను. అన్నిటికంటె కష్టమైన వాక్యమొకటి గలదు: అర్ధరాత్రి శూలతో గుఱ్ఱము నేలపడి, యజమాని ఫోనుకు అందనిచో, దాని బాధను ముగింపుమని వైద్యునికి చెప్పు అధికార మెవరిది? ఆ వాక్యమును పగటివెలుతురులో, ఇరువురును బల్లకడ కూర్చుండి, శాంతముగా వ్రాసికొననిచో, ఆ రాత్రి గుఱ్ఱము గంటలకొలది అనుభవింపవలెను.

చట్టముగూడ ఈ మాటనే మరియొక విధముగా చెప్పుచున్నది. ఇంగ్లండు, వేల్సులకు వర్తించు 2006 నాటి జంతుసంక్షేమచట్టము ప్రకారము, జంతువును తాత్కాలికముగా చేతబట్టినవాడును బాధ్యుడే, యజమాని సర్వదా బాధ్యుడే. గుఱ్ఱమునకు పాస్‌పోర్టు తప్పనిసరి. అది గుఱ్ఱముతోడనే పోవలెను. 2020 అక్టోబరు 1 నుండి ఇంగ్లండులో ప్రతి గుఱ్ఱమునకును చర్మము క్రింద మైక్రోచిప్పు ఉండవలెను. పాస్‌పోర్టు మాత్రము యాజమాన్యమునకు సాక్ష్యము కాదు. కొనుగోలు రసీదు, ఫోటోలు, సంతకము పెట్టిన ఒడంబడిక వీనినే యజమాని తనవద్ద భద్రపఱచుకొనవలెను.

ఇంత జాగ్రత్త యేల యనగా, మోసము గలదు. తోడుగా పెంచుకొందుమని తీపిమాటలతో ఉచితముగా గుఱ్ఱమును గొనిపోయి, బ్యూట్ అను నొప్పిమందు పెట్టి కుంటు కనబడకుండజేసి, స్వారికి తగినదని అమ్మివైచిన దుర్మార్గులున్నారు. మందు దిగినపిదప దాని గతి యేమో ఊహింపనక్కఱలేదు. అందుచేతనే ముసలి గుఱ్ఱమును ఉచితముగా ఇచ్చివేయుటకంటె ఎరవిచ్చుట మేలు. ఎరవులో పగ్గపుకొస యజమాని చేతిలోనే యుండును, వెళ్లి చూచు హక్కుండును, తిరిగి తెచ్చుకొను హక్కుండును.

ఎంత వెదకినను ఇల్లు దొరకనిచో? సొమ్ము చెల్లించి వృద్ధాశ్వముల సాలలో నుంచవచ్చును; ధర్మసంస్థల నాశ్రయింపవచ్చును గాని, దిక్కులేని గుఱ్ఱములతోనే వారి సాలలు నిండియుండుట వాడుక. మార్పును సహింపలేనంత వ్యాధిగ్రస్తమైనదానిని, పరిచితమైన తన బీడులోనే, తన తోడు చెంతనుండగా, వైద్యుని చేత నొప్పిలేకుండ కన్నుమూయించుట ద్రోహము కాదు. ఈ మాట వ్రాయుటకు నాకును బాధయే. కైరోవీథులలో బ్రూక్ దొరసాని చేసిన పనిని తలచుకొన్నపుడు మాత్రము దీనిని దయయనియే నమ్ముచున్నాను.

ఇల్లు దొరకిన భాగ్యవంతమైన గుఱ్ఱమునకు ప్రయాణదినము వచ్చును. పాతమేతను రెండువారములకు సరిపడ బండిలో వేసి పంపి, క్రొత్తమేతను దినదినము కొంచెముగా కలుపుచు మార్పవలెను. మేత ఆకస్మికముగా మాఱినచో పేగులు తట్టుకొనలేవు. అంటువ్యాధిభయముచే మొదట రెండుమూడు వారములు వేఱుగా, అయినను ఇతరగుఱ్ఱములు కంటికి కనబడునట్లు ఉంచవలెను. చూపు మందగించినదానిని పగ్గము పట్టి కంచె పొడవునను నడిపించి, నీళ్లతొట్టి ఎచ్చట గలదో మూతి తగిలించి చూపవలెను. పిదప ఒకనాడు నడిమి తడిక తీసినపుడు, రెండు గుఱ్ఱములును ముక్కులు చేర్చి ఊపిరి పీల్చి, చెవులు వెనుకకు వాల్చి ఒక యరుపు అరచి, వలయముగా రెండు చుట్లు తిరుగును. అటుపిమ్మట, తఱచుగా కొన్నిదినములలోపలనే, ఒకదాని మూపును మరియొకటి పండ్లతో గోకుచు నిలుచును. ఆదివారమున చూడవచ్చిన యజమాని కంచె యివతల ఆగి పేరుపెట్టి పిలిచినచో, ముసలిది తల యెత్తి, ఒక చెవిని ఇటు త్రిప్పి, మరల ఆ గోకుటలోనే మునిగిపోవును.